గట్టు రోడ్డు మలుపుల్లో బండి మన మాట వినాలంటే

నా బండి వెనక సీటు మీద ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ ట్రే కట్టి ఉంటుంది. అందులో 12 గాజు సీసాలు. రొయ్యల చెరువుల నీళ్ళు పట్టి ల్యాబుకి తేవడం నా ఉద్యోగం. పొద్దున్నే పాలకొల్లులో బయల్దేరి నరసాపురం, మొగల్తూరు చుట్టుపక్కల చెరువులు తిరిగి ఎండ ముదిరేలోపు వెనక్కి వచ్చేయాలి. రోజుకి 80, 90 కిలోమీటర్లు. 11 ఏళ్ళుగా ఇదే పని. బండి 150 సీసీ, మామూలు బండే.

మా మలుపులు ఘాట్ రోడ్డు మలుపుల్లాంటివి కావు. నీళ్ళు రెండు పక్కలా పల్లానికి పారాలని డెల్టా కాలువల్ని మెరక మీదుగా తీసుకెళ్ళారు. మెరక ఎటు వంగితే కాలువ అటు, కాలువ ఎటు పోతే గట్టు రోడ్డు అటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి కాలువల వంపుల్లోనే ఇవాళ మనం బండ్లు వాల్చుకుంటూ పోతున్నాం. ఇది ఒక రకం మలుపు. రెండోది వంతెన మలుపు. గట్టు మీద తిన్నగా వస్తూ లాకు (కాలువ నీళ్ళని ఆపి వదిలే తలుపులు) దగ్గర ఒక్కసారి 90 డిగ్రీలు తిరిగి వంతెన ఎక్కాలి. వంతెన నడుం ఎత్తుగా ఉంటుంది, అవతలేముందో కనపడదు. దిగగానే మళ్ళీ 90 డిగ్రీలు. ఇదంతా 20, 30 స్పీడులోనే. హేండిల్లో ఏ లోపమున్నా ఆ స్పీడులోనే బయటపడుతుంది.

నాది కిందటేడు వానాకాలంలో బయటపడింది. ఒక లాకు దగ్గర ఎడమకి తిరగబోతే బండి తిరగలేదు. అంటే తిరిగిందిగానీ నేను అనుకున్న క్షణానికి కాదు, కాస్త ఆగి తిరిగింది. ఆ కాస్తలో కుడి అంచు దాటి గట్టు దిగి గడ్డిలో ఆగాను. ఇంకో రెండు గజాలైతే గుర్రపుడెక్కలో ఉండేవాణ్ణి. మోకాలు గీరుకుంది, సీసాలు ఏడు పగిలాయి. ఆ ఏడు చెరువుల రైతులకీ ఫోన్ చేసి "రేపు మళ్ళీ వచ్చి పట్టుకెళ్తానండీ" అని చెప్పుకోవడం మోకాలి నొప్పి కంటే ఎక్కువ బాధ.

అంతకు నెల ముందు నుంచే బండి బరువుగా తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. దానికి నేను చేసిన వైద్యం వెడల్పు టైరు వేయించడం. వెడల్పు టైరైతే గ్రిప్పు వస్తుంది, మలుపులో నిలబడుతుంది అని ఎవరో అంటే నమ్మాను. కంపెనీ ఇచ్చిన వెనక టైరు 100/90-17. దాని చోట 120 వేయించాను. చూడ్డానికి బాగుంది. బండి మాత్రం ఇంకా మొద్దుబారింది.

గడ్డిలోంచి లేపిన బండిని మా ఊరి పాత మెకానిక్ దగ్గరికి తోసుకెళ్ళాను. ఆయన్ని మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. బండి చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"ముందు చక్రంలో గాలి ఎప్పుడు చూశావు బాబూ?"

"బంకులో కొట్టించాను బాబాయ్."

"ఎప్పుడు?"

నాకు గుర్తు రాలేదు. గేజీ పెట్టి చూస్తే 16 పాయింట్లు (పీఎస్ఐ) ఉంది. ఉండాల్సింది 25.

అందుకని నేను కూడా గాలితోనే మొదలుపెడతాను. ముందు టైరులో గాలి తగ్గితే హేండిల్ బరువెక్కుతుంది, మనం తిప్పమన్నాక టైరు ఒకసారి నలిగి అప్పుడు తిరుగుతుంది. నాకు కలిగిన ఆ ఆలస్యంలో సగం ఇదే. పోనీ అని ఎక్కువ కొట్టిస్తే టైరు గట్టిపడి గతుకుల మీద ఎగురుతుంది, తడిలో పట్టు తగ్గుతుంది. నా బండికి ముందు 25, ఒక్కడినే అయితే వెనక 28, ఇద్దరం ఎక్కితే 32. మీ బండి లెక్క చైను కవరు మీదో, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీదో అంటించిన కాగితం మీద ఉంటుంది, లేదా మాన్యువల్లో ఉంటుంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. పది కిలోమీటర్లు నడిచాక టైరు వేడెక్కి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి అంతా బాగానే ఉందనుకుంటాం. చిన్న గేజీ ఒకటి కొని బండిలోనే పడేసుకోండి. బంకుల్లో ఒక్కో మిషను ఒక్కో లెక్క చెబుతుంది. మీ గేజీ తప్పు చెప్పినా రోజూ ఒకే తప్పు చెబుతుంది, అది నయం.

ఇక్కడో మాట. గాలి సరిచేశాక ఆ రోజుకి ఇంకేమీ ముట్టుకోకుండా నడపండి. మర్నాడు ఇంకోటి. అన్నీ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు, ఒకవేళ పాడైతే అసలే తెలియదు. చెరువులో మందు కూడా అంతే, రెండు కలిపి వేసిన రైతుకి ఏది పనిచేసిందో నేనూ చెప్పలేను.

రెండోది హేండిల్ కింద ఉండే బేరింగు. మెకానిక్కులు కోన్ సెట్టు అంటారు. ఫ్రేము మెడలో పైన ఒకటి, కింద ఒకటి గిన్నెలు, వాటిలో గోళీలు. ముందు చక్రం, దాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు, హేండిల్ మొత్తం ఈ గోళీల మీదే తిరుగుతాయి. బండి తిరగడంలో నాకు ఎదురైన రోగాల్లో సగానికి పైగా ఇక్కడివే. అయినా జనం చూడని చోటు కూడా ఇదే.

చూడటం తేలిక. బండికి సెంటర్ స్టాండు వేయండి. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. ఇంకొకరు వెనక కూర్చుని బరువేసినా లేస్తుంది, మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అబ్బాయిది. ఇప్పుడు హేండిల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. వెన్నలో కత్తి దిగినట్టు పోవాలి. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి టక్కుమని చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. మనం ఎక్కువ సేపు తిన్నగానే పోతాం కదా, గతుకుల దెబ్బలన్నీ గోళీలు ఆ ఒక్క స్థానంలో ఉండగానే తగులుతాయి. అక్కడే నొక్కు పడుతుంది. ఇక బండి తిన్నగా పోవడానికే ఇష్టపడుతుంది. మలుపులో మనం కాస్త ఎక్కువ తోస్తే గుంటలోంచి ఎగిరి ఒక్కసారిగా ఎక్కువ తిరిగిపోతుంది. దీనికి గ్రీజు పెట్టినా లాభం లేదు. పైనా కిందా గిన్నెలు, గోళీలు సెట్టు మొత్తం మార్చాల్సిందే. గోళీలొక్కటే మార్చి పాత గిన్నెలు ఉంచేస్తామంటే ఒప్పుకోకండి.

తర్వాత ఫోర్కు కాళ్ళని కింద, ఇరుసు దగ్గర రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. మెడ దగ్గర కటకట వినిపిస్తే వదులైంది. ముందు బ్రేకు పట్టినప్పుడు హేండిల్లో టక్కుమని తగలడమూ దీని లక్షణమే.

నా బండికి వదులు కాదు, దానికి ఎదురు. వానలకి ముందు ఒక షెడ్డులో సర్వీసింగ్‌కి ఇస్తే అక్కడి కుర్రాడు హేండిల్ వదులుందని గట్టిగా బిగించేశాడు. గట్టిగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ బండి నిలబడటమే చిన్న చిన్న దిద్దుబాట్ల మీద. మనకి తెలియకుండానే ముందు చక్రం ఎడమకీ కుడికీ వెంట్రుకవాసి తిరుగుతూ బండిని నిలబెడుతూ ఉంటుంది. బేరింగు బిగిస్తే ఆ దిద్దుబాటు ఆగిపోతుంది. మెల్లగా పోతున్నప్పుడు బండి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. సంతలో జనం మధ్య కాలు కింద పెట్టకుండా పోలేకపోతున్నానంటే నాకు వయసు మీద పడిందనుకున్నాను.

బిగింపు సరిచేయడం బాబాయ్ చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను, ఇప్పుడు నేనే చేసుకుంటాను. హేండిల్ మధ్యలో పైన పెద్ద నట్టు ఉంటుంది, దాన్ని వదులు చేయాలి. దాని కింద అంచుల్లో గాట్లున్న రింగు నట్టు. దానికి సి ఆకారం స్పానర్ కావాలి. సుత్తి, ఉలి పెట్టి కొట్టే వాళ్ళున్నారు, కొట్టనివ్వకండి. ఫోర్కు ఆట పోయేంత వరకూ రింగు నట్టుని కొంచెం కొంచెంగా బిగించి అక్కడితో ఆపాలి. ఇప్పుడు చక్రం గాల్లో ఉండగా హేండిల్‌ని మధ్య నుంచి వేలితో ఇటు ఒకసారి, అటు ఒకసారి తాకి వదలండి. దాని బరువుకి అదే చివరిదాకా పడిపోవాలి. పడిందంటే సరిపోయింది. సగంలో ఆగితే బిగువు ఎక్కువ. పై నట్టు బిగించాక ఇదే పరీక్ష మళ్ళీ చేయాలి, ఎందుకంటే అది బిగించినప్పుడు కింద బేరింగు మీద ఇంకాస్త ఒత్తిడి పడుతుంది. నాకు ఎప్పుడూ మూడోసారికి కుదురుతుంది.

పరీక్ష తప్పితే బేరింగునే అనకండి, కేబుళ్ళు కూడా చూడండి. ఫోన్ ఛార్జరు వైరు, ఎల్ఈడీ లైట్ల వైరు అన్నీ మెడ దగ్గర టేపు చుట్టి గట్టిగా కట్టేస్తుంటారు. ఒక పక్కకి తిప్పేటప్పుడు ఆ కట్ట అడ్డుపడి హేండిల్‌ని వెనక్కి లాగుతుంది. ఇంజను ఆన్ చేసి న్యూట్రల్లో హేండిల్ చివరిదాకా తిప్పినప్పుడు ఇంజను మోత పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందన్నమాట. అది వెంటనే చూసుకోవాలి, వంతెన మలుపులో దానంతట అదే రేజ్ అయితే ఎక్కడికి పోతామో తెలుసు కదా.

గ్రీజు సంగతి. మావైపు ఉప్పు గాలి, చెరువుల ఉప్పు నీళ్ళు. పైగా వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్నుతో మెడ మీదే కొడతారు. నీళ్ళు లోపలికి పోయి గ్రీజు తేలిపోతుంది. నేను కడిగేవాడికి ముందే చెప్తాను, "ఇక్కడా, చక్రాల మధ్యలోనా కొట్టకు తమ్ముడూ, గుడ్డతో తుడిచేయ్" అని. ఏడాదికోసారి, వానలు తగ్గాక, మెడ విప్పించి కొత్త గ్రీజు పెట్టిస్తాను. నరసాపురంలో బోట్ల వాళ్ళు వాడే, నీళ్ళకి కడుక్కుపోని గ్రీజు దొరుకుతుంది. అదే తెచ్చి ఇస్తాను.

ఇక నా వెడల్పు టైరు కథ. బండి వాలినప్పుడు టైరు నేలని తాకే చోటు మధ్య నుంచి పక్కకి జరుగుతుంది. టైరు ఎంత వెడల్పైతే అంత ఎక్కువ జరుగుతుంది. దాంతో అదే స్పీడులో అదే మలుపు తిరగడానికి బండిని ఇంకాస్త ఎక్కువ వాల్చాలి. పైగా బరువు పెరుగుతుంది. అసలు రిమ్ము వెడల్పు మారకుండా టైరు మాత్రం పెంచితే అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు ఆకారమే మారిపోతుంది. ఆ 120 తీయించి మళ్ళీ 100/90 వేయించాను. పాత టైరుకి పంక్చర్ షాపతను ఇచ్చింది చెప్పుకుంటే సిగ్గు.

సైజు సరైనదే అయినా అరుగుదల చూడాలి. గట్టు రోడ్లు ఎన్ని వంపులు తిరిగినా మన ప్రయాణంలో ఎక్కువ భాగం తిన్నగానే ఉంటుంది, కాబట్టి వెనక టైరు నడిమధ్యలో అరిగి బల్లపరుపుగా అవుతుంది. స్టీలు స్కేలు టైరుకి అడ్డంగా పెట్టి చూడండి. గుండ్రంగా ఉంటే స్కేలు మధ్యలో ఒక్కచోటే తగులుతుంది. రెండు మూడు వేళ్ళ వెడల్పు ఆనుకుందంటే ఆ చదును అంచు ఎక్కితేగానీ బండి వాలదు, ఎక్కాక గభాలున పడుతుంది. గాట్లు ఇంకా ఉన్నాయి కదా అని నెట్టుకురావడం ఇక్కడ దండగ. కొత్తది కొనేటప్పుడు టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైందని. షాపులో మూల పడి ఉన్న పాత సరుకు అంటగట్టనివ్వకండి. వేయించిన కొత్తలో టైరు నున్నగా జారుతుంది, మొదటి 100 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది.

చక్రాలు రెండూ ఒకే గీతలో ఉన్నాయా అన్నది చైను బిగించిన ప్రతిసారీ చూడాల్సిందే. స్వింగార్మ్ మీద గీతలుంటాయిగానీ నేను వాటిని పూర్తిగా నమ్మను. వలలు అల్లే నైలాన్ దారం తీసుకుని వెనక టైరు వెనక నుంచి చుట్టి, రెండు కొసలూ ముందు టైరు దాటేదాకా చెరో పక్కా లాగండి. దారం వెనక టైరు ముందు అంచునీ వెనక అంచునీ రెంటినీ ఆనాలి, మధ్యలో స్టాండు తగలకుండా చూసుకోవాలి. నా ముందు టైరు వెనకదాని కంటే సన్నం, అందుకని ముందు రెండు పక్కలా కాస్త సందు మిగులుతుంది. ఆ రెండు సందులూ సమానంగా ఉంటే చక్రాలు వరసలో ఉన్నట్టు. నాకు ఎడమ పక్క ఒక వేలు, కుడి పక్క అసలు లేదు. అంతకు ముందు కుడికి బాగా తిరుగుతూ ఎడమకి మొండికేసేది. ఎడమ చేతివాటం లేదనుకుని సరిపెట్టుకున్నాను.

వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపినప్పుడు ఆడితే స్వింగార్మ్ బుష్షులైనా, చక్రం బేరింగైనా పోయినట్టు. అది ఇంట్లో అయ్యే పని కాదు, షెడ్డుకే పంపండి.

ఇప్పుడు ఎత్తుల సంగతి. సైకిల్ని సీటు పట్టుకుని తోసుకెళ్తే హేండిల్ దానంతట అదే తిన్నగా నిలబడుతుంది, గమనించారా? ఫోర్కు వెనక్కి వాలి ఉండటం, చక్రం నేలని తాకే చోటు ఆ వాలు గీత కంటే కాస్త వెనక పడటం దానికి కారణం. వాలు ఎక్కువైతే బండి తిన్నగా పోవడానికి మొగ్గుతుంది, తిరగడానికి బద్ధకిస్తుంది. తక్కువైతే చలాగ్గా తిరుగుతుంది, మరీ తక్కువైతే స్పీడులో హేండిల్ వణుకుతుంది.

బండి వెనక కుంగితే ఫోర్కు వాలు పెరుగుతుంది. వెనక 25 కిలోల మేత బస్తా వేసుకున్న రోజు బండి మలుపుల్లో బయటికి పోతుందంటే కారణం ఇదే. దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. వెనక షాకబ్జర్ల కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు. నేను ఒక్కణ్ణే అయితే రెండో మెట్టు, ట్రే నిండా సీసాలుంటే మూడు, బస్తా ఉంటే నాలుగు. రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండాలి. చాలామంది బండి కొన్నప్పుడు ఉన్న మెట్టు మీదే బండిని అమ్మేస్తారు.

ఫోర్కు గొట్టాల్ని, వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లోంచి కొంచెం పైకి లాగి ముందు భాగాన్ని దించితే కూడా బండి చురుగ్గా తిరుగుతుంది. నేను 4 మిల్లీమీటర్లు చేశాను, తేడా తెలిసింది. కానీ పైవన్నీ సరిచేశాకే దీని జోలికి వెళ్ళండి. రెండు గొట్టాలూ ఒకే ఎత్తులో ఉండాలి, స్కేలుతో కొలవండి. ఫోర్కు పూర్తిగా నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డు ఎక్కడా తగలకూడదు. 10, 15 దించేసి చూపించుకునే కుర్రాళ్ళని చించినాడ వంతెన మీద పక్క గాలికి ఊగుతూ పోవడం చూశాను. ఫోర్కు నూనె మాత్రం మర్చిపోకండి. నాది ఎన్నేళ్ళకో మార్పించాను, పాతది బూడిద రంగు నీళ్ళలా కారింది. కొత్తది పోశాక మలుపు ముందు బ్రేకు పడితే ముక్కు నేలకేసి కొట్టుకోవడం తగ్గింది.

బరువు కట్టే తీరు. హేండిల్‌కి ఏదీ తగిలించకండి. కొబ్బరి బొండాలు, పాల క్యాను, కూరల సంచి, ఏదైనా సరే. రెండు బొండాలు హేండిల్‌కి వేలాడుతుంటే మీరు పైన చేసిందంతా గంగలో కలిసినట్టే. నా సీసాల ట్రే ఇదివరకు సీటు చివర ఉండేది, ఇప్పుడు నా నడుముకి ఆనేలా ముందుకి జరిపి కట్టాను.

బండి అయింది, ఇక మనం. ఎడమకి తిరగాలంటే ఎడమ చేతిని మెల్లగా ముందుకి తోయండి. లాగడం కాదు, తోయడం. తప్పనిపిస్తుంది, ఎందుకంటే హేండిల్ క్షణం సేపు కుడికి తిరుగుతుంది. కర్రని అరచేతి మీద నిలబెట్టి ఆడారా చిన్నప్పుడు? కర్ర ఎడమకి పడాలంటే అరచేతిని కుడికి జరపాలి. ఇదీ అంతే. చక్రం కుడికి జరిగితే బండి ఎడమకి వాలుతుంది, వాలిన బండి తిరుగుతుంది. స్పీడు 25, 30 దాటినప్పటి నుంచి ఇది తెలుస్తుంది. మనమంతా తెలియకుండా చేస్తున్నదే, తెలిసి చేస్తే సగం బలంతో తిరుగుతుంది. ఆదివారం ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డులో ఒక గంట చేశాను. వాచ్‌మన్ "ఏవండీ, బండి బాలేదా?" అని రెండుసార్లు అడిగాడు.

మోచేతులు వంచి వదులుగా ఉంచండి, బండిని మోకాళ్ళతో ట్యాంకు దగ్గర పట్టుకోండి. హేండిల్‌ని ఆసరాగా పట్టుకుని వేలాడేవాడి బండి ఎంత బాగు చేసినా తిరగదు. బ్రేకు మలుపుకి ముందే అయిపోవాలి, లోపల యాక్సిలరేటర్ సన్నగా, తెగకుండా. చూపు మలుపు అవతలి కొస మీద. కాలువలోకి చూస్తే కాలువలోకే పోతాం, ఆ రోజు నేను చూసింది గుర్రపుడెక్క వైపే.

ఇవన్నీ పొడి రోడ్డు మాటలు. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు వదిలిన బురద, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, తడి గడ్డి, ఐసు పెట్టెల్లోంచి నీళ్ళు కార్చుకుంటూ పోయిన రొయ్యల లారీ గీత, వీటి మీద బండిని వాల్చకండి. నిలువుగా ఉంచి, మెల్లగా దాటి, తర్వాత తిరగండి. బాతుల మంద వస్తే ఆగిపోవడమే.

మెడ, ఫోర్కు, ఇరుసు, వీటిలో ఏది విప్పినా 50 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మరోసారి స్పానర్ పెట్టి చూడండి. నేను మొగల్తూరు నుంచి వెనక్కి వస్తూ టీ తాగే చోట చూస్తాను. మొదటిసారి పై నట్టు పావు చుట్టు తిరిగింది.